భుజ్ నుంచి డిబ్రూగఢ్‌కు ఎంత దూరం? ఎంత సమయం?

అక్షాంశాలు, రేఖాంశాలు, పైథాగరస్ సిద్ధాంతం పరీక్ష రాసి మరచిపోవలసిన పాఠాలు కావు. హాస్టల్లోని పాత అట్లాసు ముందు పెట్టుకుంటే వాటితో విమాన ప్రయాణాన్ని కూడా లెక్క కట్టవచ్చు. దేశానికి పడమటి కొసన కచ్ జిల్లాలో ఉన్న భుజ్‌ను, తూర్పు కొసన అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున ఉన్న డిబ్రూగఢ్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

దూరం: భుజ్ 23.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 69.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డిబ్రూగఢ్ 27.5, 95.0 డిగ్రీల మీద ఉంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. అక్షాంశాల తేడా 4.2 డిగ్రీలు, అంటే 466 కి.మీ. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి 111ను సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. ఇక్కడ అది 0.9. కనుక డిగ్రీకి 100 కి.మీ. చొప్పున 25.3 డిగ్రీలకు 2,530 కి.మీ. ఈ రెండూ భుజాలైతే కర్ణం సుమారు 2,570 కి.మీ. గోళానికి వాడే పూర్తి సూత్రంతో చేసినా సుమారు 2,580 మాత్రమే వస్తుంది.

సమయం: జెట్ విమానం గంటకు 800 కి.మీ. పోతుందనుకుంటే 3 గంటల 13 నిమిషాలు. ఎక్కడానికి, దిగడానికి అరగంట కలుపుదాం. మొత్తం మూడుముప్పావు గంటలు. శీతాకాలంలో ఉత్తర భారతం మీద పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. గాలి వేగం 100 కి.మీ. ఉంటే పోయేటప్పుడు 900, వచ్చేటప్పుడు 700 వేగం. తేడా సుమారు 50 నిమిషాలు.

అసలు ప్రయాణం: ఇలాంటి చిన్న ఊళ్ల మధ్య సాధారణంగా విమానాలు మారాలి. ముంబయి, కోల్‌కతాల మీదుగా లెక్కిస్తే దూరం సుమారు 3,090 కి.మీ. మూడు విమానాల్లో కలిపి ఐదు గంటల పైచిలుకు. మధ్యలో రెండేసి గంటల చొప్పున రెండు నిరీక్షణలు, మొదట రెండు గంటల ముందు చేరడం కలిపితే పదకొండు గంటలు దాటుతుంది. కాగితం మీద మూడుముప్పావు గంటలు, మనిషికి ఒక పగలంతా!

గడియారం రెండు చోట్లా ఒకటే. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశమే దానికి ఆధారం. కాని సూర్యుడి లెక్కలో డిబ్రూగఢ్ గంటా 41 నిమిషాలు ముందుంటుంది. డిసెంబరులో అక్కడ నాలుగుంపావుకే పొద్దు కుంకుతుంది. భుజ్‌లో ఆరు దాటాలి. కొత్త ఊళ్లో చీకటి పడ్డాక దిగకుండా ఉండాలంటే ఇది కూడా చూసుకోవాలి.

ఇదంతా ఎందుకంటారా? రేపు మీలో ఒకరికి దూరపు ఊరి నుంచి ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు. అడిగి తెలుసుకోవడానికి మన ఇళ్లలో విమానం ఎక్కినవారు లేరు. నేనూ మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణే. టికెట్టుకు అప్పు చేయవలసిన ఇళ్లు మనవి. వేర్వేరు టికెట్లు కొని, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు సాధారణంగా తిరిగి రాదు. ప్రయాణమంతా ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. ఇంటర్వ్యూకు ముందురోజే చేరండి.

అభ్యాసం: తిరుపతి (13.6, 79.5) నుంచి ఇంఫాల్ (24.8, 93.9) దూరం కట్టండి. 1,950 దరిదాపుల్లో వస్తే మీ లెక్క సరైనదే.