కంచాలు కడిగే నీళ్లు

రోజూ అన్నం తిన్నాక మనం కొళాయిల దగ్గర వరసలో నిలబడి కంచాలు కడుక్కుంటాం. ఆ నీళ్లు ఎన్ని? ఎక్కడికి పోతున్నాయి? ఇదే ఈ పాఠం.

గిన్నెలు కడిగే మిషను: పట్నాల్లో కొందరి ఇళ్లల్లో ఈ మిషను ఉంటుంది. దాన్ని డిష్‌వాషర్ అంటారు. అమెరికాలో జోసెఫిన్ కోక్రేన్ అనే ఆవిడ 1886లో ఇలాంటి మిషనుకు పేటెంటు తీసుకుంది. ఇప్పటి మిషనులో గిన్నెలు పేర్చి తలుపు మూస్తే వేడి నీళ్లు, సబ్బు లోపల చిమ్ముతాయి. అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. అందుకే తక్కువ పడతాయి.

ఏది మంచిది? చేత్తో కడిగితేనే నీళ్లు తక్కువ అని చాలామంది అనుకుంటారు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2004 ప్రాంతంలో పరీక్ష చేశారు. 12 మంది తిన్న గిన్నెలు చేత్తో కడిగితే సగటున 103 లీటర్లు అయ్యాయి. మిషనుకు 15 లీటర్లే. అయితే 2020లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో మాట చెప్పారు. కొళాయి వదిలేసి కడిగితే మిషనే నయం. రెండు తొట్లలో నీళ్లు పట్టుకుని, ఒకదానిలో తోమి ఇంకోదానిలో ముంచితే, వాతావరణానికి మిషను కన్నా చెయ్యే నయం. అంటే తప్పు చేతిది కాదు, వదిలేసిన కొళాయిది.

మన లెక్క: మన కొళాయి కింద 15 లీటర్ల బకెట్ పెడితే 2 నిమిషాలకు నిండింది. ఒక కంచానికి అర నిమిషం అనుకుందాం. 12 కంచాలకు 45 లీటర్లు. అదే 5 లీటర్ల చొప్పున మూడు బేసిన్లు పెడితే 15 లీటర్లతో సరి. మిషనుకు పట్టినన్నే! కరెంటు కూడా అక్కర్లేదు.

మా అమ్మ బడికి వెళ్లలేదు. ఊట నుంచి బిందె నెత్తిమీద పెట్టుకుని తెస్తుంది. గిన్నెలన్నీ ముందు బూడిదతో తోమి పక్కన పెడతాది, తర్వాతే నీళ్లు ముట్టుకుంటాది. బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డును వదిలిస్తుంది.

సబ్బు సంగతి: కొన్ని సబ్బు పొడుల్లో ఫాస్ఫేటు ఉంటుంది. అది గెడ్డలో కలిస్తే పాచి బాగా పెరుగుతుంది. పాచి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. అందుకే యూరప్ దేశాల్లో 2017 నుంచి మిషను సబ్బులో ఫాస్ఫరస్‌కు హద్దు పెట్టారు. మన కాలవ నీళ్లు కూడా గెడ్డలోకే పోతున్నాయి. కింద ఊరివాళ్లు అక్కడే స్నానాలు చేస్తారు, పశువులు తాగుతాయి. ఎండాకాలంలో బోరు తగ్గితే బకెట్లు పట్టుకుని ఆ గెడ్డకే మనమూ పోవాలి.

మిషను చెడ్డదని నేను అనను. చాలామందికి గిన్నెలు తోమే అమ్మల చేతులకు అది విశ్రాంతి. కానీ మన దగ్గర గాలివానకే కరెంటు పోతుంది కదా!

మనం చేయవలసినవి:
1. మెతుకులు ముందే ఎరువు గుంటలో వేయాలి.
2. మొదటి బేసిన్‌లో తోమాలి, రెండో దానిలో కడగాలి, మూడో దానిలో ముంచి తీయాలి.
3. నీళ్లు మురికి అయితే మార్చాలి. ఆ నీళ్లు అరటి చెట్లకు పోయాలి.
4. జ్వరం, విరోచనాలు ఉన్నవాళ్ల కంచం వేరుగా వేడినీళ్లతో కడగాలి.

వార్డెన్ అమ్మగారూ, స్టోరు గదిలోని పెద్ద బేసిన్లు మూడు ఇప్పించండి. వారం రోజులు చేసి, ఎన్ని బకెట్లు మిగిలాయో ఈ గోడమీదే రాస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని