డేటాబేసులో 'ఆసిడ్': జిమ్ గ్రే నేర్పిన పాఠం

రసాయన శాస్త్రం చదువుకొన్న నాబోటి వారికి 'ఆసిడ్' అంటే నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చే పదార్థం. డేటాబేసు నిపుణులకు ఆ మాట వేరు. మన సంఘంలో ఈ వృత్తిలో ఉన్నవారు అనేకులు. అర్ధరాత్రి ఫోను మ్రోగగానే లేచి కంప్యూటరు ముందు కూర్చొనే ఆ తల్లిదండ్రులు కాపాడుతున్నది దేనినో పిల్లలకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మీ ఖాతా నుండి మీ చెల్లెలి ఖాతాకు 500 డాలర్లు బదిలీ చేస్తున్నారనుకొందాం. కంప్యూటరు చేయవలసిన పనులు రెండు: ఒక ఖాతాలో 500 తగ్గించాలి, మరొక ఖాతాలో 500 పెంచాలి. మొదటి పని ముగిసి, రెండవది మొదలు కాకముందే విద్యుత్తు పోతే ఆ సొమ్ము ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం రూపొందించిన వారిలో అగ్రగణ్యుడు జిమ్ గ్రే. 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో జన్మించి, 1969లో బర్క్లీలో డాక్టరేటు పొంది, ఐ.బి.ఎం. వారి 'సిస్టమ్ ఆర్' పరిశోధనలో పాల్గొన్నారు. 1998లో ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది.

పై రెండు పనులను కలిపి ఒకే 'ట్రాన్సాక్షన్'గా భావించాలి. దానికి ఉండవలసిన నాలుగు లక్షణాల ఆంగ్ల నామాల మొదటి అక్షరాలను కూర్చి, 1983లో హార్డర్, రాయిటర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 'ఆసిడ్' అన్నారు.

మొదటిది అవిభాజ్యత. డాల్టన్ ఊహించిన పరమాణువు వలె ట్రాన్సాక్షన్‌ను ముక్కలు చేయరాదు; పని మొత్తం జరగాలి, లేదా ఏమీ జరగనట్లే ఉండాలి. రెండవది నియమబద్ధత. ఖాతాలో నిల్వ సున్నా కంటే తగ్గరాదన్న నియమం ఉంటే, దానిని ఏ ట్రాన్సాక్షనూ ఉల్లంఘించరాదు. మూడవది వివిక్తత. ఉమ్మడి ఖాతాలో 1000 డాలర్లు ఉండగా, భార్యాభర్తలు వేర్వేరు చోట్ల నుండి ఒకే క్షణంలో చెరి 800 తీయబోయినా, ఒకరి తరువాత ఒకరు వచ్చినట్లే ఫలితం ఉండాలి. నాలుగవది శాశ్వతత్వం. 'పూర్తయినది' అని కంప్యూటరు ఒకసారి మాట ఇచ్చిన తరువాత విద్యుత్తు పోయినా ఆ మాట తప్పరాదు.

ఇది సాధ్యమయ్యే విధానం మన వర్తకులకు కొత్త కాదు. వారు లావాదేవీని జరిగిన వెంటనే చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జాలోకి ఎక్కించేవారు. డేటాబేసు కూడా చేయబోయే మార్పును ముందుగా 'లాగ్' అనే చిట్టాలో భద్రపరుస్తుంది. విద్యుత్తు తిరిగి రాగానే చిట్టాను చదివి, పూర్తయిన ట్రాన్సాక్షన్లను ఆవర్జాలో నిలుపుతుంది. సగంలో ఆగినవాటిని రద్దు చేస్తుంది.

2007 జనవరి 28న జిమ్ గ్రే తల్లి అస్థికలను సముద్రంలో కలపడానికి ఒంటరిగా తన పడవలో ఫారలాన్ దీవుల వైపు బయలుదేరారు. తిరిగి రాలేదు. తీరరక్షక దళం రోజుల తరబడి గాలించినా ఆచూకీ దొరకలేదు. అప్పుడు ఆయన మిత్రులు, సహశాస్త్రజ్ఞులు ఉపగ్రహ ఛాయాచిత్రాలను సంపాదించి, చిన్న చిన్న భాగాలుగా విడదీసి ఇంటర్నెట్‌లో ఉంచారు. వేలాది స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్క భాగాన్నీ కంటితో వెదికారు. అసంఖ్యాకమైన వివరాలలో ఒక్కదానిని వెదకడం ఎలాగో లోకానికి నేర్పిన మనిషి కోసం ఆ విద్యనే ప్రయోగించారు. పడవ మాత్రం కనబడలేదు. 2012లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది. ఆ అయిదేళ్ళూ ఆ కుటుంబానికి పూర్తయినదన్న మాటా లేదు, రద్దయినదన్న మాటా లేదు.

డేటాబేసు రంగంలో ఉత్తమ డాక్టరేటు పరిశోధనకు ఏ.సి.ఎం. సంస్థ విభాగం ఇచ్చే బహుమతి నేడు ఆయన పేరుతోనే ఉన్నది. ఈసారి మీ ఇంట్లో అర్ధరాత్రి ఫోను మ్రోగితే విసుగుకొనకండి, పిల్లలూ! ఎక్కడో ఎవరి కష్టార్జితమో సగం దారిలో ఆగిపోకుండా మీ అమ్మో నాన్నో చూస్తున్నారని గ్రహించండి.