ఉత్తరాయణ మెప్పుడు?

వేసవియందు సూర్యుడు భూమికి దగ్గఱగా నుండుటచే ఎండ హెచ్చుననియు, దూరమగుటచే చలి కలుగుననియు చదువుకొన్నవారిలో సయితము పెక్కుమంది తలంచుచున్నారు. నిజము దీనికి విరుద్ధము. భూమి సూర్యునకు మిక్కిలి సమీపముగా నుండునది జనవరి మొదటి వారమునందు. అప్పటి దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారమున నది 15 కోట్ల 21 లక్షలగును. మనము చలికి వణకుచున్నప్పుడే సూర్యుడు మనకు దగ్గఱ!

ఋతుభేదమునకు కారణము దూరము గాదు, వాలు. భూమి తన యక్షమును సుమారు 23½ డిగ్రీలు వంచుకొని, ఆ వంపుతోనే సూర్యుని చుట్టివచ్చును. జూన్ నెలలో ఉత్తరార్ధము సూర్యునివైపునకు మొగ్గును. డిసెంబరులో వెనుకకు ఒరగును. కావున హైదరాబాదునందు జూన్ 21వ తేదీని పగలు సుమారు 13 గంటలును, డిసెంబరు 22వ తేదీని సుమారు 11 గంటలును ఉండును. కిరణములు నిలువుగా పడినచోట వేడి కూడుకొనును. ఏటవాలుగా పడినచోట నా వేడియే విశాలస్థలమునకు పంచబడును.

సూర్యుడు ఉత్తరమునకు మరలుటయే ఉత్తరాయణము. అది జరుగునది డిసెంబరు 21, 22 తేదీలలో. మనము పుణ్యకాలమును జరుపుకొనునది జనవరి 14, 15 తేదీలలో. ఈ మాట మాపై నమ్మకముంచి అంగీకరింప నక్కఱలేదు. హైదరాబాదులో 100 సెంటీమీటర్ల కఱ్ఱను నిలువుగా పాతి, మిట్టమధ్యాహ్నపు నీడను కొలువుడు. డిసెంబరు 22న నది సుమారు 86 సెంటీమీటర్లు. జనవరి 14న సుమారు 80. సంక్రాంతినాటికే సూర్యుడు చాలదూరము మరలి వచ్చియున్నాడు. ప్రత్యక్షసాక్షి యుండగా వినికిడి సాక్ష్యము ఏ న్యాయస్థానమునను చెల్లదు గదా!

పూర్వులు పొరబడిరని మా తాత్పర్యము గాదు. సుమారు 1,700 సంవత్సరముల క్రిందట ఈ రెండు దినములును ఒక్కటియే. భూమి యక్షము బొంగరమువలె మెల్లగా తిరుగుటచే, నక్షత్రములనుబట్టి లెక్కించు సంక్రాంతి సుమారు 72 ఏండ్లకొక దినము చొప్పున ఋతువులకు వెనుకబడుచున్నది. వారు ఆకాశమును చూచి వ్రాసిరి. మనము వారి వ్రాతను మాత్రము చూచుచున్నాము.

తిథులకీ దోషము లేదు. తిథి యనగా సూర్యచంద్రుల నడుమనుండు దూరమే. దానికి సముద్రమే సాక్షి. చంద్రుని యాకర్షణ దగ్గఱిప్రక్కను హెచ్చుగాను, ఆవలిప్రక్కను తక్కువగాను ఉండుటచే నీరు రెండు ప్రక్కలను ఉబ్బును. కావున సుమారు 24 గంటల 50 నిమిషములలో రెండు పోటులు వచ్చును. సూర్యుని ప్రభావము చంద్రునిదానిలో సగముకంటె తక్కువ. అమావాస్యకును పూర్ణిమకును ఆ రెండును ఒకే వరుసను పనిచేయుటచే, ఆ తిథుల ప్రాంతమున పోటు మిక్కుటమగును, అష్టములయందు తగ్గును. ఇది మన తీరమునందలి జాలరులెఱిగినదే.

1952లో నియమింపబడి, మేఘనాథ సాహాగారి యధ్యక్షతను పనిచేసిన పంచాంగ సంస్కరణసంఘము 1955లో తన నివేదిక నిచ్చెను. 1957 మార్చి 22న జాతీయ పంచాంగము వచ్చెను. అయినను మన యిండ్లలోని పండుగ కదలలేదు. పండుగను మానవలెనని మేము కోరము. పంటయింటికి వచ్చిన సంతోషమునకు ఏ దినమైనను తగినదే. కాని ఆ దినముననే సూర్యుడు మరలుచున్నాడని పిల్లలకు బోధింపకుందుము. పెరటిలో నొక కఱ్ఱను పాతి, వారిచేతనే నీడను కొలిపింతము.