పడవ టాపుకీ బిల్లు కావాలి

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఊరు. నాకు చిన్న ఫైబర్ ఇంజిన్ బోటు ఉంది. లంకలకు మనుషుల్నీ సామాన్లనీ చేరవేస్తాను, నేనే నడుపుతాను. ఎండకీ వానకీ ఆగేలా స్టీరింగ్ దగ్గర కూర్చునే చోటుకు పైన టాపు, చుట్టూ జిప్పు కర్టెన్లు, ముందు అద్దంలాంటి ప్లాస్టిక్ షీటు పెట్టి కుట్టించాను. రూ. 32 వేలు అయింది. మూడేళ్లు చూసుకోనక్కర్లేదన్నారు. మొదటి వానాకాలంలోనే కుట్ల దగ్గర నీళ్లు కారాయి, ఐలెట్లు తుప్పు పట్టాయి. అడిగితే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని షాపులో అచ్చువేసి పెట్టిన మాట చూపిస్తున్నారు. నాకిచ్చింది చేతిరాత చీటీ మాత్రమే. నేనేం చేయగలను?

జవాబు: చాలానే చేయగలరు. ముందు ఆ అచ్చుమాట సంగతి చూద్దాం. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) చెబుతోంది. సరైన బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. మీకు 30 రోజులు దాటిపోయాయి కాబట్టి ఆ ఒక్క వాదన బలహీనపడవచ్చు. అంతమాత్రాన కేసు పోదు. సరుకులో లోపం, పనిలో లోపం అనే ఫిర్యాదులకు సెక్షన్ 69 రెండేళ్ల గడువు ఇచ్చింది.

అవతలి వకీలు ముందుగా లేవదీసే అభ్యంతరం వేరు. ‘బోటు మీద డబ్బు సంపాదిస్తున్నాడు, వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అంటాడు. సెక్షన్ 2(7) కింద ఉన్న వివరణ మీకు అండ. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువును చట్టం వాణిజ్య అవసరంగా లెక్కించదు. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తానే నడుపుకోవడానికి ఆటో కొన్నవాడు వినియోగదారుడే, ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హోదా పోదు అంది. కాబట్టి ‘జీవనోపాధి కోసం ఈ బోటును నేనే నడుపుకుంటున్నాను’ అనే వాక్యం మీ ఫిర్యాదులో తప్పక ఉండాలి. ఆ ఒక్క ముక్క రాయక ఇబ్బంది పడేవాళ్లున్నారు. జీతగాళ్లను పెట్టి పది బోట్లు తిప్పే రిసార్టుకైతే ఈ దారి కష్టం. వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ఇక ఈ కేసులో అసలు బలం ఎక్కడుందో చూద్దాం. ఇప్పుడు కుట్టించుకోబోయేవాళ్లకూ ఇది పనికొస్తుంది. వస్తు విక్రయ చట్టం 1930లో రెండు సెక్షన్లున్నాయి. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలన్న షరతు ఎక్కడా రాయకపోయినా ఉన్నట్టే. ఇది సెక్షన్ 16. శాంపుల్ ముక్క చూపించి అమ్మితే మొత్తం గుడ్డ ఆ ముక్కకు సరిపోవాలి. ఇది సెక్షన్ 17.

కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడు నోరు విప్పాలి. ‘పడవకి కవర్ కావాలి’ అంటే చాలదు. ఉప్పునీళ్లు తగులుతాయా, ఏడాది పొడుగునా ఎండలో ఉంటుందా, వేగంగా పోతున్నప్పుడు గాలికి కొట్టుకుంటుందా అన్నవన్నీ చెప్పి, ఆర్డరు కాగితంలో రాయించుకోవాలి. నూలు కాన్వాస్‌కు గాలి ఆడుతుంది గానీ తడి ఆరకపోతే బూజు పడుతుంది. పీవీసీ పూత వేసిన పాలిస్టర్‌లోంచి నీళ్లు దిగవు, కానీ లోపల చెమ్మ పడుతుంది. రంగు వేసిన దారంతో నేసిన ఆక్రిలిక్ గుడ్డ ఎండకు బాగా ఆగుతుంది, ఖరీదూ ఎక్కువే. ఏది కొన్నా, గుడ్డ కంటే ముందు కుట్టు పోవడమే ఎక్కువ. దారం ఎండకు ఆగే పాలిస్టర్‌దా, ఐలెట్లు ఇత్తడివా లేక మెరుగు పెట్టిన ఇనుపవా అని అడగండి. జవాబు కాగితం మీదకు ఎక్కాలి.

బరువు విషయంలో మోసం పట్టుకోవడం తేలిక. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. 500 జీఎస్ఎం అని అమ్మిన 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ముక్క 6 కిలోలు తూగాలి. కాటా మీద నాలుగే చూపిస్తే ఇక వాదనెందుకు? కుట్టకముందే తూయించండి. శాంపుల్ ముక్క మీద షాపు ముద్ర వేయించి ఇంట్లో దాచుకోండి. చౌకగా దొరికిందని ధాన్యం మీద కప్పే నీలం బరకం తెచ్చి పడవకు కట్టి, అది గాలికి చీలిందని కేసు వేస్తే మాత్రం గెలవరు. అది చేయాల్సిన పని వేరు. తడి కవర్‌ను మడిచి మూలన పడేస్తే వచ్చే బూజు మచ్చలకూ షాపు బాధ్యత ఉండదు.

గుడ్డ ఒకచోట కొని, కుట్టు ఇంకోచోట వేయించినవాళ్లకు ఒక మాట. కారితే గుడ్డవాడు కుట్టును తిడతాడు, కుట్టినవాడు గుడ్డను తిడతాడు. ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

చుట్టూ మూసే కర్టెన్ల విషయంలో డబ్బు కంటే పెద్ద సంగతి ఉంది. అన్ని వైపులా జిప్పులు వేసి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపల చేరుతుంది. దానికి వాసన ఉండదు, తలనొప్పితో మొదలై ప్రాణం తీస్తుంది. వాడకంలో ప్రమాదం గురించి తగిన హెచ్చరిక ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే, 2019 చట్టంలోని ఉత్పత్తి బాధ్యత సెక్షన్ల కింద పరిహారం అడగవచ్చు. అందరికీ తెలిసిన ప్రమాదమే కదా అని అవతలివాళ్లు తప్పించుకునే వీలూ అదే చట్టంలో ఉంది. అందుకే ఈ విషయంలో చట్టాన్ని నమ్ముకోకండి, వెనుక కర్టెన్ ఎత్తి ఉంచండి.

ఇప్పుడు మీ పని. కవర్‌ను ఇక వాడకండి. వాడుతూ, ఊరుకుంటూ పోతే సరుకును అంగీకరించినట్టే లెక్క, అప్పుడు వాపసు హక్కు పోయి నష్టపరిహారమే మిగులుతుంది. మీరు ఇప్పటికే ఒక వానాకాలం వాడారు కాబట్టి డబ్బు వాపసుతో పాటు, అది కాకపోతే మరమ్మతు ఖర్చు, నష్టపరిహారం ఇప్పించమని కూడా కోరండి. కారిన చోట్లు, తుప్పు పట్టిన ఐలెట్లు ఫొటోలు తీయండి. ఆ షాపుతో జరిగిన వాట్సాప్ మాటలు, డబ్బు పంపిన వివరాలు చెరపకండి. బిల్లు లేని లోటును చాలావరకు ఇవే పూడుస్తాయి. లోపాలన్నీ రాసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు షాపుతో మాట్లాడి చూస్తారు. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. గుడ్డను పరీక్షించాల్సి వస్తే కమిషన్ నమూనాకు సీలు వేసి ల్యాబుకు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి. పరీక్ష అక్కర్లేని కేసు 3 నెలల్లో, పరీక్ష ఉంటే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావచ్చు. అందుకే పాడైన కవర్‌ను కోసి గోనెపట్టాల్లా వాడేయకండి, ఆరబెట్టి భద్రంగా ఉంచండి. ల్యాబుకు వెళ్లాల్సింది అదే.