ఇంగ్లిష్‌లో ‘అండీ’ ఎక్కడుంది?

ఇంటర్వ్యూ గట్టెక్కింది, ఆఫర్ లెటర్ రాలేదు. ‘సోమవారంలోగా పంపాలి’ అనుకుంటూ హెచ్‌ఆర్‌కు ‘యూ మస్ట్ సెండ్ ద లెటర్ బై మండే’ అని మెయిల్ పెడతారు చాలామంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది. చదివేవాళ్లకు మాత్రం తాఖీదులా తగులుతుంది.

మనకు మీరు, గారు, అండీ ఉన్నాయి. ఇంగ్లిష్‌లో చిన్నా పెద్దా అందరికీ ఒకటే ‘యూ’. అందుకే మర్యాద చూపే పని చాలావరకు కెన్, కుడ్, మస్ట్ లాంటి మోడల్ వెర్బ్స్ మీద పడుతుంది. ‘కుడ్ యూ ప్లీజ్ సెండ్’ అంటే ‘కాస్త పంపుతారా అండీ’ అన్నట్టే. ఇక్కడ కుడ్‌కు భూతకాలంతో పనిలేదు. తోటి ఉద్యోగితో ‘కెన్ యూ’ చాలు.

మన ‘చేయాలి’ ఇంగ్లిష్‌లో మస్ట్, హావ్ టు, షుడ్‌గా చీలిపోతుంది. అసలు చిక్కు వ్యతిరేకార్థంలో వస్తుంది. ‘యూ మస్ట్ నాట్ బ్రింగ్ ఒరిజినల్స్’ అంటే తేకూడదు. ‘యూ డోంట్ హావ్ టు బ్రింగ్’ అంటే తేనక్కర్లేదు. తెచ్చినా ఎవరూ ఏమీ అనరు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లు 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం ఒకసారి చదవాలి. నాలుగు నిమిషాల పని. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సరైన కారణం ఉంటే, పర్యవసానం తెలిసి, పక్కన పెట్టవచ్చు, మే అంటే పూర్తిగా ఐచ్ఛికం అని అందులో నిర్వచించారు. షుడ్‌ను మస్ట్‌గా చదివిన టెస్టర్ లేని బగ్ రాస్తాడు.

ఇంటర్వ్యూలో ‘ఐ కెన్ ఏబుల్ టు’ అననే వద్దు. రెంటిలో ఒకటి చాలు. ఒకసారి సాధించిన పని గురించి ‘ఐ కుడ్ ఫిక్స్ ఇట్’ అంటే, చేశారో, చేయగలనంటున్నారో తేలదు. ‘ఐ వాజ్ ఏబుల్ టు ఫిక్స్ ఇట్’ అనండి. నన్నడిగితే ‘ఐ ఫిక్స్‌డ్ ఇట్’ ఇంకా మేలు.

ఉద్యోగంలో చేరాక ఊహలూ రాయాల్సి వస్తుంది. ‘ద సర్వర్ మస్ట్ హావ్ ఫెయిల్డ్’ అంటే ఫెయిలయ్యే ఉంటుంది. అలా రాస్తే లాగ్ చూపమంటారు. ‘మైట్ హావ్ ఫెయిల్డ్’ అంటే ఫెయిలై ఉండొచ్చు. ‘యూ షుడ్ హావ్ చెక్డ్’ మాత్రం ఊహ కాదు, నిలదీయడం. ‘వుయ్ కుడ్ హావ్ చెక్డ్’ అంటే అదే మాట, ఎవరినీ వేలెత్తి చూపకుండా.