రీడింగ్ కంటే ముందు బ్లాంక్

బీఎస్సీ కెమిస్ట్రీ చదివి కైకలూరు, ఆకివీడు వైపు ఆక్వా ల్యాబుల్లో పనిచేస్తున్నవాళ్లకు ఒక సలహా. పీహెచ్, అమ్మోనియా, ఉప్పుశాతం చూడటం మీకు వచ్చు. భారలోహాల పరీక్ష కూడా నేర్చుకోండి. దాని అవసరమేమిటో ఏలూరుకు బాగా తెలుసు.

2020 డిసెంబరు మొదటి వారంలో అక్కడ ఐదు వందల మందికి పైగా మూర్ఛలు, కళ్లు తిరగడంతో ఆస్పత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వం తేల్చింది. లోహం కనబడటం వేరు, జబ్బు దానివల్లే అనడం వేరు. ఆ రెండో మాట మీ నోట రానివ్వకండి.

ఈ లోహాలను పట్టే స్ట్రిప్ సెన్సర్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. స్ట్రిప్ మీది ఎలక్ట్రోడ్‌కు రుణ వోల్టేజి ఇస్తే నీటిలోని లోహ అయాన్లు వచ్చి దానిమీద పేరుకుంటాయి. తర్వాత వోల్టేజిని ధన దిశగా జరుపుతూ పోతే ముందు కాడ్మియం, తర్వాత సీసం, ఆపైన రాగి విడిపోతాయి. ఒక్కోటి విడిపోయినప్పుడు గ్రాఫ్‌లో ఒక శిఖరం లేస్తుంది. దాని ఎత్తును బట్టి మోతాదు. తాగునీటిలో సీసానికి మన దేశ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియానికి 0.003. టీడీఎస్ మీటరుతో ఇవి పట్టుబడవు.

కొల్లేరు నీటితో మాత్రం జాగ్రత్త. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మురుగు, చేపల చెరువుల నుంచి దిగే నీరు అందులోకే చేరతాయి. ఆ నీటిలోని సేంద్రియ పదార్థం లోహాన్ని పట్టి ఉంచుతుంది, ఎలక్ట్రోడ్‌నూ కమ్మేస్తుంది. అప్పుడు ఉన్న సీసం కూడా లేనట్టే కనిపిస్తుంది. సున్నా వచ్చిందని ఊరట చెందకండి. తెలిసిన మోతాదులో సీసం కలిపి మళ్లీ చూడండి. శిఖరం పెరగాల్సినంత పెరగకపోతే ఆమ్లంతో మరిగించి డైజెషన్ చేయాల్సిందే.

అసలు తప్పులు ఎక్కువగా జరిగేది బాటిల్ దగ్గరే. ప్లాస్టిక్ బాటిల్‌ను పది శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. శాంపిల్ పట్టాక అందులో వాడని శుద్ధ నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్‌ను 2 కిందికి దించండి, లేకపోతే సీసం బాటిల్ గోడలకు అంటుకుపోతుంది. పక్కనే డిస్టిల్డ్ వాటర్‌తో ఒక బ్లాంక్ నడపండి. అందులోనూ సీసం శిఖరం వస్తే ఆ రోజు రీడింగులు ఎవరికీ ఇవ్వొద్దు, యజమాని ఎంత తొందరపెట్టినా సరే. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో ఉద్యోగానికి వెళ్తే, బ్లాంకులు, విఫలమైన రన్‌లు కూడా దాచకుండా రాసిన నోటుబుక్కు సర్టిఫికెట్లకన్నా గట్టిగా మాట్లాడుతుంది. అభ్యాసానికి పరికరం లేకపోతే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ అధ్యాపకులను అడిగి చూడండి.

ఇళ్లలో శాంపిల్ తీసేటప్పుడు రాత్రంతా పైపులో నిలిచిన మొదటి నీళ్లు ఒక బాటిల్‌లో, కాసేపు వదిలాక మరో బాటిల్‌లో పట్టండి. మొదటిదాంట్లోనే సీసం ఎక్కువుంటే ఇంటి పైపులు, కుళాయి చూడాలి. పరిమితి దాటితే ఆ శాంపిల్‌లో కొంత ఐసీపీ-ఎంఎస్ ఉన్న ల్యాబుకు పంపండి. జవాబు వచ్చేదాకా వేరే నీళ్లు తాగమని ఆ ఇంటివాళ్లకు చెప్పండి. కాచినంత మాత్రాన సీసం పోదని కూడా చెప్పండి.