బిరుదు వద్దన్న హక్కుల రక్షకుడు

మనము నిత్యము తెలుగు మాటగా వాడుకొనే "హక్కు" అరబ్బీ పదమైన "హఖ్" నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చినది. మూలభాషలో దానికి సత్యమనే అర్థము కూడ కలదు. తెలుగువారి "వెట్టి"ని ఉర్దూవారు "బేగార్" అంటారు. మన రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధిస్తూ, ఆంగ్ల పాఠములో సైతము "బేగార్" అనే మాటనే నిలుపుకొన్నది. ఆ బేగారును తొలగించి ఆ హక్కును నిలుపుటకు పాటుపడినవారిలో ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ అగ్రగణ్యులు.

వెట్టి ఎట్లు పుడుతుందో అనంతపురము మెట్టలో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వాన తప్పుతుంది, వేరుసెనగ ఎండిపోతుంది, తిండిగింజలకో, పెండ్లికో అప్పు తప్పదు. భూమి లేనివానికి తాకట్టు పెట్టుటకు రెక్కలే మిగులుతాయి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతగాడౌతాడు.

1976లో చేసిన వెట్టి చాకిరి రద్దు చట్టము 1975 అక్టోబరు 25 నుండే అమలులోనికి వచ్చినట్లు పరిగణింపబడినది. దాని ప్రకారము వెట్టికి మూలమైన అప్పు చెల్లదు. వెట్టి చేయించినవానికి 3 సంవత్సరముల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసిన భారము అప్పిచ్చినవానిదే. చదువురాని కూలివానికి ఈ నిబంధన గొప్ప అండ.

అయితే చట్టము తనంత తాను పల్లెకు నడచి రాదు. ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా శంకరన్ దానిని పల్లెలకు చేర్చుటకు పూనుకొన్నారు. ఉద్యోగ విరమణానంతరము, పాకీపని నిర్మూలనకై బెజవాడ విల్సన్ ప్రభృతులు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు అండగా నిలిచారు.

2005లో ప్రకటించిన పద్మభూషణ్‌ను శంకరన్ స్వీకరించలేదు. 2016లో విల్సన్ రామన్ మెగసెసే పురస్కారమును స్వీకరించారు. వీరిలో ఎవరిది ఒప్పు? ఇద్దరిదీ ఒప్పేనని మా అభిప్రాయము. పురస్కారము మరుగుననున్న కష్టమును లోకము కంట పెట్టగలదు. కాని ఆ కష్టమును తీర్చలేదు. తీర్చవలసినది మనుషులే. శంకరన్ 2010లో కన్నుమూశారు. ఆయన చేపట్టిన పని మాత్రము ముగియలేదు.

కరువు ఏడాది హాజరుపట్టీలో పేర్లు తగ్గుట మేము చూచినదే. ఆ పేర్ల వెనుక ఏ అప్పు ఉన్నదో కమిటీ పెద్దలు విచారింపవలెనని మా విన్నపము. విద్యార్థులారా! ఈ చట్టమును చదువుకొని, మీ వీధిలో చదువురాని ఒక్కనికైనా వినిపించండి. హక్కుల రక్షణకు అదే తొలి అడుగు.